కుడివైపు కప్పు

కృష్ణగిరి,
జూన్ 1956

తమ్ముడు కదిరప్పకు, నీ అక్క నంజమ్మ రాస్తున్నది.

మేమిక్కడ బాగున్నామని రాస్తే అబద్ధమవుతుంది, అందుకే ఆ మాట వదిలేస్తున్నాను. మీ బావకు కుడి చేయి ఇంకా లేవలేదు, నోట మాట రాలేదు. పక్షవాతం తగిలిన రోజున డాక్టరు ఏం చెప్పాడో ఇప్పుడూ అదే చెబుతున్నాడు, ఓపిక పట్టాలని. ఓపిక పట్టి ఇంట్లో కూర్చుంటే సైకిలు అంగడి తలుపు ఎవరు తీస్తారు? నేనే తీస్తున్నాను.

ఆడది పానా పట్టడమేమిటని నీ పెళ్ళాం పిల్లమ్మతో అనే ఉంటావు. అనుకో. పంచరు వేయడం, గాలి కొట్టడం, చైను బిగించడం నాకు ముందునుంచే వచ్చు. నువ్వు ఈ అంగడిలో మీ బావ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో మీ ఇద్దరికీ సంగటి తెచ్చిపెట్టి, మీరు తిని లేచేదాకా పంచర్లు వేసింది నేనే కదా. డ్యాము పని జరుగుతోంది కాబట్టి బండ్లకు కరువు లేదు. అన్నీ బురదలో, నీళ్ళలో తొక్కినవే.

నిన్ను అడగాల్సింది ఒకటుంది. డ్యాములో రాతిపని చేసే మారియప్ప ఒక పాత విలాయతి బండి తెచ్చి పెట్టాడు. తొక్కితే పెడళ్ళ నడుమ కటకటమంటుంది. పెడలు కడ్డీల పిన్నులు సుత్తితో కొట్టి ఊడదీశాను. ఎడమవైపు గాట్ల రింగు కొక్కెం పానాకు వచ్చింది, దాని వెనక గుండ్లు కూర్చునే కప్పూ వచ్చింది. ఇరుసు బయటికి తీసి చూస్తే గుండ్లు సగం పిండి అయిపోయాయి. చైను చక్రం ఉండే కుడివైపు కప్పు మాత్రం కదలడం లేదు. దాని లోపల గుండ్లు తిరిగే దారంతా గుంటలు పడింది, మార్చక తప్పదు. పట్టుకోవడానికి రెండు పక్కల చదునుగా కోసిన అంచులున్నాయి గానీ అవి ఎంత సన్నమంటే పెట్టెలో ఉన్న ఏ పానా పెట్టినా జారిపోతోంది.

దాన్ని దేనితో తీయాలి? ఏ పక్కకు తిప్పాలి? ఈ ఊరి తక్కిన అంగళ్ళకు పోయి చూద్దామనుకుంటే నన్ను చూడగానే బండికి వీపు అడ్డం పెట్టుకున్నారు. మీ బావను అడిగితే చేయి ఎత్తుతాడు, చెప్పబోతాడు, చెప్పలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. నువ్వు చేతులారా చేసిన పని కాబట్టి నిన్నే అడుగుతున్నాను. వెంటనే రాయి.

నంజమ్మ

———

హోసూరు,
జూన్ 1956

అక్కా,

నీ జాబు వరదప్పగారి సైకిలు అంగడికే వచ్చింది. అక్కడ పనిచేసేవాణ్ణి కాబట్టి ఆయన ముందే విప్పాల్సి వచ్చింది. ఏమి రాసిందని అడిగితే చెప్పాను. ఆయన నవ్వాడు. నేను రోజంతా తల ఎత్తలేకపోయాను. ఇంటికి పోయి చెబితే పిల్లమ్మ కూడా, వదినకు ఈ కష్టమెందుకు, ఇక్కడికి వచ్చేయమని రాయి అంది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఆ కప్పుకని ప్రత్యేకంగా పానా ఏదీ లేదు. అందరూ ఉలి పెట్టి సుత్తితో కొట్టే తీస్తారు. చదును అంచు మీద ఉలి ఆనించి ఎడమవైపుకు కొట్టు. అన్ని మరలూ ఎటు వదులవుతాయో ఇదీ అటే వదులవుతుంది. రాకపోతే కిరసనాయిలు పోసి ఒక పూట ఉంచు. అప్పటికీ రాకపోతే ఇంకా గట్టిగా కొట్టు.

నా మాట విను. ఇది ఆడవాళ్ళ బలానికి లొంగే పని కాదు. అంగడి ఎవరైనా తెలిసినవాళ్ళకు అప్పగించి, బావను తీసుకుని హోసూరు రా. నాకున్న గదిలోనే సర్దుకుందాం.

కదిరప్ప

———

కృష్ణగిరి,
జూలై 1956

కదిరప్పకు,

నీ మాట ప్రకారమే కొట్టాను. కిరసనాయిలు పోసి ఒక పూట కాదు, రెండు పూటలు ఉంచాను. ఎడమవైపుకు కొట్టాను. రాలేదు. ఇంకా గట్టిగా కొట్టమన్నావు, కొట్టాను. చదును అంచు నలిగింది, ఆపైన పగిలింది, ముక్క ఎగిరి నా బుగ్గకు తగిలింది. కప్పు ఉన్నచోటనే ఉంది.

మారియప్ప వచ్చి చూశాడు. అరవలేదు. బండిని భుజాన వేసుకుని, వీధిలో నలుగురికీ వినబడేటట్టు ఒక్క మాట అని పోయాడు. "తప్పు నాది. ఆడమనిషి చేతికి ఇచ్చినాను." ఆ రోజునుంచి పంచరుకు కూడా మనుషులు తగ్గారు.

అది నేను తట్టుకుంటాను. ఇప్పుడు రాసేది తట్టుకోలేక రాస్తున్నాను. నేను కొడుతుంటే మీ బావ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొదటి దెబ్బకే గొంతులో ఏదో శబ్దం చేశాడు. నేను తిరిగి చూడలేదు. రెండో దెబ్బకు నేల మీద జరుగుతూ వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. బాగున్న ఎడమ చేత్తో గాలిలో తిప్పి చూపించాడు. గడియారం ముల్లు తిరిగే పక్కకు. అంటే బిగించే పక్కకు. "అది బిగించేదానికప్పా, తీసేదానికి కాదు" అన్నాను. మళ్ళీ అటే తిప్పాడు. నేను చేయి విడిపించుకుని కొట్టబోతే నా చేతి మీద చరిచాడు. పెళ్ళయిన నాటినుంచి నా మీద చెయ్యి చేసుకున్న మనిషి కాదు.

ఇన్నేండ్లు ఈ పనే చేసినవాడికి ఏ పక్కకు తిప్పితే మర వదులవుతుందో తెలియకుండా పోయింది. చేయి పోయింది, మాట పోయింది, ఇప్పుడు మతి కూడా పోయిందా కదిరప్పా? ఎవరిని అడగను? డాక్టరుకు చెబితే, ఉండొచ్చు అన్నాడు. నాకు దేవుడి మీద, డాక్టరు మీద, ఆ కప్పు మీద, అందరి మీదా కోపంగా ఉంది. ఒక్కసారి వచ్చి పో.

నంజమ్మ

———

హోసూరు,
ఆగస్టు 1956

ప్రియమైన అక్కకు,

నీ జాబు చదివి నేనూ పిల్లమ్మా ఏడ్చాము. నేను భయపడిందే అయింది. ఈ జబ్బులో మొదట మాట పోతుంది, తర్వాత మతి పోతుంది, ఇది చాలామందిలో చూశాను. బావ ఇక తీసేదీ బిగించేదీ కూడా ఎరగడు. ఆయన సైగలు చూసి నువ్వు మనసు చెడగొట్టుకోవద్దు. పసిపిల్లవాడి చేష్టలనుకో.

పిల్లమ్మ పుట్టింటికి అత్తిముగం పోతూ దారి మార్చుకుని మత్తూరు పోయి, బావ చిన్నాయన గుర్రప్పగారికి సంగతంతా చెప్పాను. పెద్దలకు తెలియకపోతే రేపు మనల్నే అంటారు. ఆయన, ఇక మా ముత్తప్పను పంచాయితీలకూ పెండ్లి మాటలకూ పిలిచి ఇబ్బంది పెట్టము అన్నాడు. అంగడి విషయంలో కూడా నీకు ఏది మేలో నన్నే చూడమన్నాడు.

వరదప్పగారు దయగల మనిషి. డ్యాము రోడ్డులో ఉన్న అంగడి కాబట్టి పనిముట్లతో సహా తానే తీసుకుంటానంటున్నాడు. నీకు ఏ లోటూ రానీయను. దసరా లోపల ఒక మాట చెప్పు.

నీ తమ్ముడు
కదిరప్ప

———

కృష్ణగిరి,
సెప్టెంబరు 1956

కదిరప్పకు,

నేను నా తమ్ముడి దగ్గర ఏడ్చాను. మత్తూరు దగ్గర కాదు. నా ఇంటి మాట నా మొగుడి తరపు పెద్దల ముందు పెట్టమని నీకు ఎవరు చెప్పారు? మొన్న మత్తూరునుంచి పెండ్లి పిలుపుకు వచ్చినవాళ్ళు ఆయన ముందే నన్ను పేరు పెట్టి పిలిచి, "నువ్వు రా అమ్మా, ఆయప్పను ఈడనే ఎవరికైనా అప్పజెప్పి రా" అన్నారు. దొడ్డిలో ఆవును అప్పజెప్పినట్టు. ఆయన తల గోడవైపు తిప్పుకున్నాడు. మతి పోయినవాడు తల తిప్పుకుంటాడా? ఆ రోజునుంచి నాకు ఈ అనుమానం పట్టుకుంది.

అంగడి ఇవ్వను. వరదప్ప దయ వరదప్ప దగ్గరే ఉండనీ.

నువ్వు ఉలి అన్నావు. నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. విలాయతిలో ఇంత జాగ్రత్తగా చదును కోసి పంపినవాడు, దాన్ని ఉలితో పగలగొట్టమని కోస్తాడా? పగిలిన ముక్క కొలత తీసుకుని ఇక్కడి పోచంపల్లి సంతకు పోయాను. కమ్మరి సిద్దప్ప చేత లారీ స్ప్రింగు పట్టా ముక్కతో పానా కొట్టించాను. తెచ్చి, మీ బావ బండి కడ్డీలూ ఇరుసూ తీసి, దాని కుడి కప్పు మీద పెట్టి బలం పెడితే పానా నోరు తెరుచుకుంది. మళ్ళీ సంతకు పోయాను, ఇంకాస్త మందంగా కొట్టించాను. అది ఆ సన్నటి అంచు మీద నిలవక జారిపోయింది. మూడోసారి పోయినప్పుడు సిద్దప్ప డబ్బు తీసుకోలేదు.

"ఇది నా కొలిమిలో అయ్యేది కాదమ్మా. ఈ పనికనే పుట్టిన పానా ఉండాది. పొడుగు పిడి, నోరు పలక మాదిరి సన్నం. మీ ఆయప్ప దగ్గరే చూసినాను, పిడి వంగితే నేనే సరిచేసి ఇచ్చినాను. యాడ పెట్టినాడో చూడు."

ఇంటికి వచ్చి పెట్టె బోర్లించాను. లేదు. అటువంటి పానా లేనే లేదని నువ్వు రాశావు. సిద్దప్ప చేత్తో పట్టుకున్నానంటున్నాడు. ఆ పానా యాడుంది కదిరప్పా?

నంజమ్మ

———

హోసూరు,
సెప్టెంబరు 1956

అక్కా,

సంతలో కమ్మరివాడి మాట నీకు ఎక్కువైంది, సొంత తమ్ముడి మాట తక్కువైంది. సరే.

అటువంటిది ఒకటి ఎప్పుడో ఉండేది, నిజమే. మరిచిపోయాను. బావ దాన్ని ఎవరికో ఎరువిచ్చాడు, వాళ్ళు తిరిగి ఇవ్వలేదు. ఎవరికి అని ఆయన్ను అడిగి ప్రయోజనం లేదు. నన్ను అడిగీ ప్రయోజనం లేదు.

నేను పిల్లమ్మ తరపు పెండ్లి పనుల మీద అత్తిముగంలో ఉంటాను. దసరా దాటితే వరదప్పగారు వేరే చోటు చూసుకుంటారు. ఆ తర్వాత నన్ను అనవద్దు.

కదిరప్ప

———

కృష్ణగిరి,
అక్టోబరు 1956

కదిరప్పకు,

ఇది పూర్తిగా చదువు. నడుమ చించేయకు.

నీ జాబు వచ్చిన పూట మీ బావ ముందు పెట్టె పెట్టి, పానాలన్నీ వరసగా పరిచాను. సిద్దప్ప చెప్పినట్టు నేల మీద బొగ్గుతో ఆ పానా బొమ్మ గీసి, ఇది ఎవరికి ఇచ్చినావు అని అడిగాను. ఆయన బొమ్మ మీద చెయ్యి పెట్టాడు. నన్ను పట్టుకుని లేచాడు. కాలు ఈడ్చుకుంటూ నా భుజం మీద బరువు వేసి రోడ్డుదాకా వచ్చాడు. బస్సులు పోతున్నాయి. సేలం పోయేది పోయింది, చెయ్యి ఎత్తలేదు. తిరుపత్తూరు పోయేది పోయింది, ఎత్తలేదు. హోసూరు బస్సు వచ్చింది. ఎడమ చెయ్యి ఎత్తి దాన్ని చూపించి, నా ముఖంలోకి చూశాడు.

మరుసటి రోజు నేను ఆ బస్సు ఎక్కాను. నువ్వు అత్తిముగంలో ఉన్నావు. మీ ఇంటికే పోయాను. పిల్లమ్మ ఒక్కతే ఉంది. పాపం దానికి ఏమీ తెలియదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, కాఫీ ఇచ్చి, సంతోషంగా చెప్పింది. "ఇంక మనమంతా ఒక్క ఊర్లోనే ఉంటాము కదా వదినా. ఆ అంగడి చేతికొస్తే ఈయప్పకే అప్పజెప్తామని వరదప్పగారు చెప్పినారంట. నీకు పని తెలీక దసరాకంతా నువ్వే విడిచిపెడ్తావని ఈయప్ప అన్నాడు."

కాఫీ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. దాన్ని ఏమీ అనలేదు, నువ్వూ అనవద్దు.

వరదప్ప అంగడికి పోయాను. గోడకు మేకు కొట్టి తగిలించి ఉంది. పొడుగు పిడి, పలకలాంటి నోరు. మీ బావ తన పనిముట్లన్నిటి మీదా కొట్టించుకున్న మూడు చుక్కల గుర్తు దాని పిడి మీద ఉంది. వరదప్ప "అది కదిరప్ప సొంత పానా అమ్మా" అన్నాడు. నా సంచిలోనుంచి మన కొక్కెం పానా తీసి, దాని మీద చుక్కలు, దీని మీద చుక్కలు పక్కపక్కన పెట్టాను. ఆయన లోపలికి పోయాడు. నేను తీసుకుని వచ్చేశాను.

ఇంత వరకూ నీ దొంగతనం. ఇక అసలుది.

మీ బావ సొంత బండి ఉంది కదా, జబ్బు పడిన నాటినుంచి గోడకు ఆనించి తుప్పు పట్టిపోయింది. దాన్ని పడుకోబెట్టి, కుడివైపు కప్పుకు ఆ పానా పెట్టాను. తొడిగినట్టు కూర్చుంది. ఎడమవైపుకు బలం పెట్టాను. రాలేదు. ఆయన జరిగి వచ్చాడు. నా చేయి తీసేసి తన ఎడమ చేత్తో పిడి పట్టుకున్నాడు. మళ్ళీ గడియారం ముల్లు పక్కకే. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నన్ను చూసిన చూపుకు మూసుకున్నాను. ఒక్క చేతికి బలం చాలడం లేదు. ఆయన చేయి మీద నా రెండు చేతులూ వేసి, బండిని కాలితో అదిమి, ఆయన తోసిన పక్కకే తోశాను. కిర్రుమంది. కదిలింది. ఒక చుట్టు తిరిగేసరికి వేళ్ళతోనే ఊడి వచ్చింది.

ఆ కప్పుకు మర ఎదురుగా ఉంటుంది. లోకంలో తక్కిన మరలు బిగిసే పక్కకు అది వదులవుతుంది. తొక్కేటప్పుడు ఊడిపోకుండా కాబోలు అట్లా చేశారు. ఇది మీ బావకు తెలుసు. నీకూ తెలుసు, ఆయన చేతికిందే ఎన్ని కప్పులు తీశావో నేను చూశాను. తెలిసి ఎడమవైపుకు కొట్టమని రాశావు. నేను కొట్టిన ప్రతి దెబ్బా దాన్ని ఇంకా బిగించింది.

ఆయన నాకు సరిగ్గా చెప్పాడు. మాట లేని మనిషి పాకుతూ వచ్చి, చేత్తో చూపించి, వినకపోతే చరిచి చెప్పాడు. నేను నీ మాట పట్టుకుని ఆయనకు మతి పోయిందని ఏడ్చాను. నువ్వు అవునన్నావు. ఊరికి చాటావు. ఆయన ముందే ఆయన్ను పశువు మాదిరి మాట్లాడేటట్టు చేశావు.

కప్పు ఊడి వచ్చాక ఆయన నవ్వలేదు. నా పక్కకు చూడకుండా పోయి తన చోట కూర్చున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, నేను తినిపించబోతే చేయి అడ్డం పెట్టాడు. ఇంతకన్నా నువ్వు నా గొంతు కోసి ఉంటే బాగుండేది.

నంజమ్మ

———

హోసూరు,
నవంబరు 1956

అక్కా,

వరదప్పగారి ముందు నన్ను దొంగను చేసి పోయావు. ఇప్పుడు ఆయన నాకు పంచర్లు తప్ప వేరే పని ఇవ్వడు. నీకు సంతోషమేనా?

దొంగతనం అంటున్నావు. మీసం రానప్పటినుంచి ఆ అంగడిలో ఒళ్ళు వంచాను. ఆ పానా నోరు అరిగిందంటే నా చేతులు అరగడం వల్లనే. విడిపోయి వచ్చేటప్పుడు బావ నాకు ఏమిచ్చాడు? కొత్త పంచె, తాంబూలం. బోర్డు మీద ఆయన పేరు ఒక్కటే. నాకంటూ ఒక అంగడి ఉండాలని నేను కోరుకోకూడదా? నీకు పిల్లలు లేరు, ఆయనకు చేయి లేదు, ఆ అంగడి ఎవరికోసం? నేను తీసుకుని ఉంటే మీ ఇద్దరికీ అన్నం పెట్టేవాణ్ణి కాదా?

ఏ పక్కకు తిప్పాలన్న మాట తొందరలో రాశాను. పొరపాటు పడ్డాను. దానికి ఇంత రాద్ధాంతం చేయనక్కరలేదు.

కదిరప్ప

———

కృష్ణగిరి,
నవంబరు 1956

కదిరప్పకు,

పానా కావాలంటే అడిగి ఉంటే ఇచ్చేవాడు. అంగడి కావాలన్నా అడిగి ఉండాల్సింది. నీ పేరు కూడా బోర్డు మీద రాయించు అని నేనే మీ బావతో చెప్పేదాన్ని. ఇక ఆ మాటలు వద్దు.

తొందరలో పొరపాటు పడ్డానంటున్నావు. తొందరలో ఒక్కసారి తప్పు రాయొచ్చు. ఆయన ఏ పక్కకు తిప్పి చూపించాడో నేను విడమరిచి రాశాను. అది చదవగానే బావ చెప్పిందే నిజమని నీకు తెలిసింది. తెలిశాక, తొందర లేకుండా, ప్రియమైన అక్కకు అని మొదలుపెట్టి, ఆయనకు మతి పోయిందని రాశావు. నాకు నువ్వు రాసిన జాబులన్నిటిలో తీయగా ఉన్నది అదొక్కటే.

నాకు క్షమాపణ రాయవద్దు, చదవను. మత్తూరు పో. గుర్రప్పగారి ఇంట్లో ఏ నోటితో చెప్పావో ఆ నోటితోనే తిరగ చెప్పు. అత్తిముగంలో ఎవరెవరి చెవిన వేశావో వాళ్ళ దగ్గరా చెప్పు. అది అయ్యేదాకా ఈ ఇంటికి నీ జాబు రాకూడదు. వస్తే విప్పకుండా పొయ్యిలో పెడతాను.

నంజమ్మ

———

హోసూరు,
ఫిబ్రవరి 1957

అక్కా,

ఇది పొయ్యిలో పెట్టవద్దు. నువ్వు చెప్పింది చేసి రాస్తున్నాను.

ఇన్ని రోజులు ఎందుకు పట్టిందంటే, రెండుసార్లు మత్తూరు బస్సు ఎక్కి నడుమనే దిగి తిరిగి వచ్చాను. మూడోసారి పిల్లమ్మ కూడా ఎక్కింది. నీ కాఫీ గ్లాసు సంగతి అది ఇప్పటికీ మరవలేదు.

గుర్రప్పగారి వాకిట్లో పదిమంది ఉన్నారు, ఏదో నీటి తగాదా మాట్లాడుతున్నారు. పక్కకు పిలిచి చెబుదామనుకున్నాను. ఆయన, ఏముంటే ఇక్కడే చెప్పు అన్నాడు. చెప్పాను. "ముత్తప్పకు మతి పోలేదు. ఆయప్ప చూపించిందే సరి. నేనే మా అక్కకు అబద్ధం చెప్పినాను, మీకూ చెప్పినాను."

"ఎందుకురా చెప్పినావు?" అన్నాడు.

"అంగడి కోసరం."

ఎవరూ తిట్టలేదు అక్కా. తిట్టి ఉంటే బాగుండేది. గుర్రప్పగారు "ఇంకోసారి గట్టిగా చెప్పు. లోపల ఆడోళ్ళు కూడా వినాల" అన్నాడు. మళ్ళీ చెప్పాను. లోపలినుంచి ఎవరో ముసలామె, ఆ పిల్లోడి ముందర మేమేమేమి మాట్లాడినామో అని ఏడ్చింది. బావను అక్కడ ఇంకా పిల్లోడు అనేవాళ్ళున్నారు.

అత్తిముగంలో కూడా చెప్పాను. నాకు మంచినీళ్ళు ఇచ్చారు, కూర్చోమనలేదు. పిల్లమ్మ పుట్టినిల్లు కదా, దానికి నాకన్నా ఎక్కువ తలవంపు అయింది.

నీ మీద నాకు కోపం లేదని రాయాలనుకున్నాను, కానీ ఉంది. అది నా మీద కోపమో, నీ మీదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. బావను చూడాలని ఉంది. రమ్మంటే వస్తాను, వద్దంటే రాను.

కదిరప్ప

———

కృష్ణగిరి,
మార్చి 1957

కదిరప్పకు,

నీ జాబు విప్పాను.

గుర్రప్పగారు స్వయంగా వచ్చారు. తమ మనవరాలి పెండ్లి మాటలకు పెద్దమనిషిగా రావాలని మీ బావ చేతికే తాంబూలం ఇచ్చారు. కుడి చేయి లేవదు కాబట్టి ఎడమ చేత్తో పుచ్చుకోవడానికి ఆయన వెనకాడాడు. గుర్రప్పగారు "నీ చేతికి ఎడమా కుడీ యాడిదప్పా, తీసుకో" అన్నారు. మత్తూరు పోయాము. మగపెండ్లివారి మాట నచ్చనప్పుడు ఆయన తల అడ్డంగా ఊపితే, మాట అక్కడికి ఆపి, కారణమేమిటో తెలుసుకునేదాకా గుర్రప్పగారు ముందుకు పోనివ్వలేదు. నేను ఆడవాళ్ళ నడుమనుంచి చూశాను. అది చూసినప్పుడు నీ మీద కోపం తగ్గుతుందనుకున్నాను. ఇంకా పెరిగింది. ఇంత మనిషిని కదా నువ్వు గోడవైపు తిప్పింది, నేను తిప్పనిచ్చింది.

అంగడి నడుస్తోంది. నేను పని చేస్తాను, ఆయన చూస్తాడు. తప్పు చేస్తే దగ్గుతాడు. ఇప్పుడు నేను ఆయన దగ్గుకు ముందు చేయి ఆపి, తర్వాతే ఎందుకని ఆలోచిస్తాను. నాతో మామూలుగా ఉంటున్నాడు, ముద్ద కలిపి పెడితే తింటున్నాడు.

ఇక నువ్వు రావడం సంగతి. రావద్దని రాయడానికే కాగితం తీశాను. రాసేముందు ఒక సంగతి జరిగింది. రెండు రోజులుగా మీ బావ ఒక సైగ చేస్తున్నాడు. ఎడమ అరచేతిని నేలకు చూపించి నడుము ఎత్తున పట్టి, రోడ్డువైపు చూస్తాడు. నాకు అర్థం కాలేదు. స్టూలు కావాలా అన్నాను. కాదన్నాడు. దూడ ఏదైనా తప్పిపోయిందా అన్నాను. విసుక్కున్నాడు. ఇవాళ పొద్దున మళ్ళీ అదే ఎత్తున చేయి పట్టి, సుత్తి కొట్టినట్టు ఆడించి, హోసూరు పక్కకు చూపించాడు. అప్పుడు తెలిసింది. నువ్వు పని నేర్చుకోవడానికి మొదటిసారి ఈ అంగడి మెట్టు ఎక్కినప్పుడు అంత ఎత్తే ఉన్నావు.

ఆయన నిన్ను అడుగుతున్నాడు. నువ్వు చేసిందంతా నేను ఆయనకు చెప్పాను, ఒక్కటీ దాచలేదు. అయినా ఆయన చేతిలో నువ్వు ఇంకా నడుము ఎత్తు పిల్లవాడివే. నువ్వు ఎంత పెరిగావో నాకు తెలుసు.

రా. పిల్లమ్మను కూడా తీసుకురా. నేను అన్నం వడ్డిస్తాను. నాతో మాట్లాడాలని చూడకు. ఆయన పక్కన కూర్చో.

నంజమ్మ